ఉచితమును స్వేచ్ఛయును

సంస్కృతమున ఉచితమనగా తగినది. తెలుగున ఉచితమనగా వెలలేనిది. ఒకే మాట భాష మారుసరికి అర్థమును మార్చుకొనినది. దీనిని నిఘంటుకారుల సంగతియని త్రోసివేయరాదు. ఒక వస్తువు వెలలేక లభించినంతమాత్రమున అది తగిన వస్తువగునా, తగిన రీతిని ఇయ్యబడినదగునా యను ధర్మసంశయము ఆ మాటలోనే యున్నది. కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను చదువదగిన గ్రంథములు, పాఠములు, ఉపన్యాసములు అనేకము వెలలేక లభించుచున్న యీ కాలమున, విద్యావిషయమై ఆ సంశయమును విచారించుట అవసరమని మాకు తోచుచున్నది.

ఈ యుద్యమము చాల ప్రాచీనమైనది కాదు. 2001 ఏప్రిలు నెలలో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఎం.ఐ.టి., తన పాఠ్యక్రమముల సామగ్రిని అంతర్జాలమున అందఱికి వెలలేక యందించెదనని ప్రకటించెను. 2007 నాటికి సుమారు 1,800 పాఠ్యక్రమముల సామగ్రి అట్లు లోకమునకు చేరినది. 2002లో పారిసు నగరమున యునెస్కో కూర్చిన సభలో ఇట్టి సామగ్రికి ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ అను పేరు పుట్టినది. స్వేచ్ఛా విద్యావనరులని మనము చెప్పుకొనవచ్చును. మన దేశమున 2003లో ఐ.ఐ.టి.లును, బెంగుళూరి భారతీయ విజ్ఞానసంస్థయు కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పేర సాంకేతికశాస్త్ర పాఠములను వెలువరింప నారంభించినవి. 2017లో కేంద్రప్రభుత్వము ‘స్వయం’ అను వేదికను తెఱచినది. నేడు చేతిలో ఫోను గల విద్యార్థి తాలూకా పట్టణమున గూర్చుండి మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యుని యుపన్యాసమును వినగలడు. ముప్పదియేండ్ల క్రిందట ఇది యూహకైనను అందని సంగతి.

ఇది యెల్ల మెచ్చదగినదే. కాని యీ సామగ్రి యంతయు ఒక్క జాతికి చెందినది కాదు. ఇంగ్లీషున ‘ఫ్రీ’ అను నొక్క మాటయే వెలలేమిని, బంధములేమిని, రెంటిని చెప్పును. అందువలన ఆ భాషలో ఈ విషయమును చర్చించువారు తఱచు తికమకపడుదురు. అదృష్టవశమున మనకు రెండు మాటలు గలవు. ఒక పాఠమును వెల చెల్లింపకయే చదువవచ్చునేని అది ఉచితము. చదువుటయే గాక, దానిని నకలు తీసి పదుగురికి పంచుటకును, తన విద్యార్థులకు తగినట్లు మార్చుకొనుటకును, తన భాషలోనికి తెచ్చుటకును, అట్లు తెచ్చినదానిని మరల లోకమునకిచ్చుటకును హక్కు గలదేని అది స్వేచ్ఛ. యునెస్కో 2019 నవంబరులో ఆమోదించిన సిఫారసు స్వేచ్ఛా విద్యావనరులకు వెలలేని ప్రవేశముతోపాటు ఈ హక్కులను గూడ లక్షణముగా చెప్పినది. లోకములో ‘ఫ్రీ’ యని ప్రకటింపబడుచున్న పాఠములలో మొదటి గుణము మాత్రమే కలిగి, రెండవది లేనివి పెక్కులు గలవు.

వేసవిలో మన ఊళ్ల కూడలులయందు చలివేంద్రములు పెట్టుదురు. దాత పోసిన నీరు త్రాగి, అతనిని దీవించి, మన దారిని మనము పోవుదుము. ఎన్నాళ్లు పోయవలెనో, ఏ వేళ పోయవలెనో అంతయు దాత యిష్టము. ఊరిచెరువు సంగతి వేఱు. ఆ నీటికిని వెల లేదు. కాని దానిమీద ఊరివారికి హక్కు గలదు. ఆ హక్కుతోడనే పూడిక తీయవలసిన బాధ్యతయు గలదు. ఉచితవిద్య చలివేంద్రము వంటిది. స్వేచ్ఛావిద్య చెరువు వంటిది. దప్పికగొన్నవానికి చలివేంద్రము తక్కువది కాదు. ఐనను చలివేంద్రమును నమ్ముకొని యే యూరును సేద్యము చేయజాలదు.

ఊరిచెరువు సైతము ఊరివారందఱిదిగా నుండలేదను మాటను మఱవరాదు. 1927లో మహాడు పట్టణమున అంబేద్కరుగారు వేలాదిమందితో గూడి చెరువునీటిని ముట్టవలసివచ్చినది. ఆ నీటికి ఎవ్వరును వెల యడుగలేదు. అడ్డగించినది మనుష్యుడు మనుష్యునికి పెట్టిన కట్టుబాటు. మన విద్యాచరిత్రయు ఇట్టిదే. విద్యను అమ్ముట నీచమని మన పెద్దలు తలచిరి. జీతము గైకొని చదువు చెప్పువానిని స్మృతికారులు నిందించిరి. చదువు ముగియువఱకు శిష్యుడు గురువునకు వెల చెల్లింప నక్కఱలేదు. వినుటకు ఇంతకంటె ఉదారమైన పద్ధతి లేదు. కాని యా విద్యాశాల వాకిట కావలి యుండెను. శూద్రునికి వేదము లేదు, స్త్రీకి లేదు, అస్పృశ్యులనబడినవారికి వాకిటి దాపునకు వచ్చుటయే లేదు. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించినపుడు ఎదిరింపవలసినది వెలను కాదు, కావలిని. కావున మన పూర్వులు విద్యను అమ్మలేదని గర్వించువారు, ఎవరికి ఇచ్చిరి, ఎవరికి నిరాకరించిరి యను రెండవ ప్రశ్నకును సమాధానము చెప్పవలెను. వెల లేకుండుట ఔదార్యమునకు మొదటి మెట్టు మాత్రమే.

ఏకలవ్యుని కథ అందఱెఱిగినదే. ద్రోణుడతనికి ఒక్క పాఠమైనను చెప్పలేదు. మట్టిబొమ్మను నిలుపుకొని అతడు తనంతట తానే నేర్చెను. ఐనను తాను చెప్పని చదువునకు ద్రోణుడు బొటనవ్రేలు దక్షిణగా గైకొనెను. ఈ కథ విన్న చిన్నపిల్లవాడైనను ఇది యన్యాయమని చెప్పును. మఱి నేటి పరిశోధనాపత్రికల సంగతి చూడుడు. వ్యాసము వ్రాసిన పండితునికి పత్రిక ప్రతిఫలమియ్యదు. దానిని పరిశీలించి మంచిచెడ్డలు చెప్పు పండితులును సాధారణముగా ప్రతిఫలము లేకయే చేయుదురు. పరిశోధనకైన వ్యయము తఱచు ప్రజాధనము. ఇంతయు జరిగిన పిమ్మట ఆ వ్యాసమును చదువుటకు అదే విశ్వవిద్యాలయము ప్రచురణకర్తకు చందా చెల్లింపవలెను. ప్రచురణకర్త పని యేమియు చేయడని మేమనము. కూర్పు, దిద్దుబాటు, భద్రపఱచుట, ఇవియెల్ల శ్రమయే. ఆ శ్రమకు కూలి న్యాయమే. కాని యా కూలిని నెపముగా జేసికొని విద్యకే యజమానుడగుట న్యాయమా యనునది ప్రశ్న.

ఇటీవల మన ప్రభుత్వము చేసిన యొక యేర్పాటు ఈ సందర్భమున విచారింపదగియున్నది. 2024 నవంబరులో కేంద్రమంత్రివర్గము ‘ఒకే దేశము, ఒకే చందా’ యను పథకమును ఆమోదించినది. 2025 మొదలు మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 మంది ప్రచురణకర్తలు వెలువరించు సుమారు 13,000 పత్రికలను 6,300 కు పైబడిన ప్రభుత్వ విద్యాసంస్థలకును పరిశోధనాసంస్థలకును అందించుట దీని యుద్దేశము. పూర్వము కొన్ని గొప్ప సంస్థలకు మాత్రమే యందిన పత్రికలు జిల్లాకేంద్రమునందలి ప్రభుత్వ కళాశాలకు గూడ అందుట సంతోషింపదగిన విషయమే. కాని ధర్మదృష్టితో చూచినచో ఇది మిక్కిలి పెద్ద చలివేంద్రము. నీటికి వెల తప్పలేదు. త్రాగువానికి మాఱుగా వేఱొకరు చెల్లించుచున్నారు. చందా నిలిచినచో క్రొత్త సంచిక రాదు. ఆ వ్యాసములను తెనిగించి పంచుటకు చందా కట్టినంతమాత్రమున హక్కు కలుగదు. ప్రభుత్వసంస్థకు వెలుపలనున్న పండితునికి ఆ వాకిలి మూసియే యుండును. ఇంత ధనము వెచ్చించి మనము కొనినది ప్రవేశము, స్వామ్యము కాదు.

ఇచట నొక గట్టి యాక్షేపణ గలదు. విద్య ఇచ్చినకొలది పెరుగునని చెప్పుట సులభము. కాని గ్రంథకర్తకు అన్నమెవరు పెట్టుదురు? విద్య తరుగకపోవచ్చును, దానిని గ్రంథముగా వ్రాయువాని ఆయుస్సు తరుగుచున్నది. పుస్తకములన్నియు వెలలేక పంచవలెనన్నచో, జీతము గల ఆచార్యులు తప్ప మఱెవ్వరు వ్రాయగలరు? స్వతంత్రముగా జీవించు రచయిత నశింపడా? ఈ యాక్షేపణను తేలికగా కొట్టివేయువారు గ్రంథకర్తల పేదఱికమును ఎఱుగనివారు. తెలుగుదేశమున ఇంటిసొమ్ము పెట్టి అచ్చువేయించి, కట్టలు విప్పకయే కాలము చేసిన పండితులెందఱో కలరు. వారియెదుట విద్యాదానమును గూర్చి యుపన్యసించుటకు మాకు నోరు రాదు.

ఈ వివాదము మన న్యాయస్థానములకును ఎక్కినది. ఢిల్లీ విశ్వవిద్యాలయమున ఆచార్యులు అనేక గ్రంథములనుండి కావలసిన ప్రకరణములను ఏఱి యియ్యగా, ఆవరణలోని యొక నకళ్ల దుకాణము వానిని కట్టగా కుట్టి విద్యార్థులకు తక్కువ వెలకు ఇచ్చుచుండెను. 2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల ముద్రణసంస్థలును, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థయు దీనిపై వ్యాజ్యము వేసినవి. విచిత్రమేమనగా, ఆ కట్టలలో ఎవరి రచనలు చేరినవో ఆ రచయితలలోనే పలువురు విద్యార్థుల పక్షము వహించిరి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు వ్యాజ్యమును త్రోసిపుచ్చెను. 1957 నాటి గ్రంథస్వామ్యశాసనము బోధనకొఱకు తీయు నకళ్లకు మినహాయింపు నిచ్చినదనియు, గ్రంథస్వామ్యము దైవదత్తమో స్వభావసిద్ధమో కాదనియు ఆ తీర్పు సారాంశము. అప్పీలులో డిసెంబరునందు ధర్మాసనము కొన్ని సంగతులను మరల విచారింపుమని పంపినను, మూలసూత్రమును నిలిపినది. 2017లో ప్రచురణకర్తలు వ్యాజ్యమును విరమించుకొనిరి.

ఆ రచయితలు తమ స్వామ్యమును విడుచుకొనుటకు ఏల సిద్ధపడిరి? వారికి పుస్తకపు అమ్మకము జీవనాధారము కాదు. విశ్వవిద్యాలయము వారి కూలిని ముందే చెల్లించినది. ఇక్కడనే ఈ చిక్కు విడుచు దారి కనబడుచున్నది. కూలి వేఱు, సుంకము వేఱు. బావి త్రవ్వినవానికి కూలి యిచ్చి తీరవలెను. కాని కూలి ముట్టిన పిమ్మట కడవ కడవకు సుంకమడుగుట తగదు. అచ్చుకాలమున ప్రతి పుస్తకమునకును కాగితము, సిరా, మోతకూలి కావలసియుండెను. కాబట్టి ప్రతికి వెల కట్టుటలో న్యాయముండెను. నేడు మొదటి ప్రతికైన శ్రమయే శ్రమ. తరువాతి లక్ష ప్రతులకు వ్యయము నామమాత్రము. కనుక మొదటి ప్రతికి పూర్తి కూలి ముందుగా చెల్లించి, తరువాతి ప్రతులను సుంకము లేక విడుచుట ఈ కాలమునకు తగిన ధర్మము. ఎం.ఐ.టి. వారి పాఠములకును వ్యయమైనది. హ్యూలెట్, మెల్లన్ ధర్మసంస్థలు మొదట దానిని భరించినవి. జీతమో బహుమానమో లేని స్వతంత్ర రచయితను తన గ్రంథమును ధారపోయుమని నిర్బంధించుట మాత్రము దానము గాదు, దోపిడి. మేము స్వేచ్ఛను కోరునది ప్రజలు ముందే వెల చెల్లించిన గ్రంథములకు.

రెండవ యాక్షేపణ శాస్త్రశుద్ధికి సంబంధించినది. ఎవరు పడినను మార్చుటకు హక్కు గలదన్నచో గ్రంథము చెడిపోదా యని కొందఱు శంకింతురు. శంక సహేతుకమే. తాళపత్రముల కాలమున లేఖకుల ప్రమాదములవలన పుట్టిన పాఠభేదములను పరిష్కరించుటకు పండితులు జీవితములు వెచ్చించిరి. ఐనను మార్పులన్నియు ప్రమాదములు కావు. పాణిని సూత్రములపై కాత్యాయనుడు వార్తికములు వ్రాసి లోపములను పూరించెను. పతంజలి ఆ రెంటిని మరల విచారించెను. సూత్రము పాణినిపేరనే నిలిచినది, వార్తికము కాత్యాయనుని పేర నిలిచినది. మూలమును మూలముగానుంచి, మార్చినవాడు తన పేరు చెప్పి మార్చుటయే దోషమునకు మందు. 2002లో వెలువడిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు చెప్పునదియు ఇదియే. మూలకర్త పేరు చెప్పవలెను, మార్పు చేసితినని తెలుపవలెను. కొన్నిటిలో వర్తకమునకు వాడరాదనియు, మార్చినదానిని అదే నిబంధనతో పంచవలెననియు గలదు. మార్పును బొత్తిగా నిషేధించు లైసెన్సును ఆ కుటుంబములోనిదే. అట్టిది గల పాఠమును తెనిగించి పంచుటకు వీలులేదు. కర్త యెవరని చూచునంత శ్రద్ధతో లైసెన్సు ఏదని చూడవలసిన కాలము వచ్చినది.

తెనిగించుట చిన్న సంగతి కాదు. పదునొకండవ శతాబ్దమున నన్నయ రాజమహేంద్రవరమున భారతమును తెలుగు చేయ మొదలిడెను. తిక్కన, ఎఱ్ఱన పూర్తిచేసిరి. వారు మాటకు మాట పెట్టలేదు. తగ్గించిరి, పెంచిరి, తెలుగువారికి తగినట్లు తీర్చిరి. వ్యాసుని వారసులెవరో వచ్చి, చదువుకొనుడు గాని మార్పవలదని శాసించియుండినచో మన సాహిత్యమేమై యుండును? ఉచితమైన భారతము సంస్కృతమున ఉండనే యుండెను. తెలుగువారికి కావలసినది స్వేచ్ఛ.

నేటి కళాశాల విద్యార్థి స్థితియు అట్టిదే. తెలుగు మాధ్యమమున చదివి పట్టపరీక్షకు వచ్చిన పల్లెటూరి బాలికకు ఐ.ఐ.టి. యుపన్యాసము ఉచితముగానే యందినది. ఆమె నాలుగు మారులు వినును. సమీకరణములు తెలియును, వానిని కలుపు వాక్యములు తెలియవు. తెలివితక్కువదానినని ఆమె తన్నుతాను నిందించుకొనును. లోపము ఆమెది కాదు. పరభాష యొక క్రొత్త కావలి; వెల తీసివేసినంతమాత్రమున అది తొలగదు. దీనిని మన పెద్దలు ముందే కనిపెట్టిరి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి, చరిత్రను, ప్రకృతిశాస్త్రములను తెలుగున వ్రాయించిరి. 1968లో ఉన్నతవిద్యకు తెలుగు గ్రంథములు సిద్ధపఱచుటకై తెలుగు అకాడమి వెలసినది. 1982లో స్థాపింపబడి, నేడు అంబేద్కరుగారి పేర నున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము తెలుగున పాఠములను వ్రాయించి కళాశాలకు పోజాలని వారికి పట్టములనిచ్చినది.

ఇపుడు యంత్రములే తర్జుమా చేయుచుండగా ఈ చింత యేల యని కొందఱనుచున్నారు. 2021లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి తెలుగు మొదలగు దేశభాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతించినది. యంత్రసహాయముతో పుస్తకములను తర్జుమా చేయు పనియు సాగుచున్నది. యంత్రము బరువును మోయగలదు, నిజమే. కాని యొక చిన్న యుదాహరణము చూడుడు. భౌతికశాస్త్రమున ‘ఎనర్జీ’కి శక్తియనియు, ‘పవర్’కు సామర్థ్యమనియు మన పుస్తకములలో ఏనాడో స్థిరపడినది. రెంటిని శక్తియనియే తర్జుమా చేసినచో ఆ ప్రకరణమంతయు తలక్రిందులగును. తరగతిలో నిలిచిన అధ్యాపకుడు ఆ తప్పును ఒక్క నిమిషమున గుర్తించును. దిద్దుటకు అతనికి హక్కు గలదేని, ఆ యొక్క దిద్దుబాటు వేలమందికి చేరును. హక్కు లేదేని, ఉచితముగా వచ్చిన తప్పు ఉచితముగానే వ్యాపించును. స్వేచ్ఛ లేని ఉచితము తగినది ఏల కాదో ఇంతకంటె స్పష్టముగా చెప్పనక్కఱలేదు.

మనుష్యుడు మూడు ఋణములతో పుట్టునని మన శాస్త్రములు చెప్పినవి. అందులో ఋషిఋణము విద్యను గూర్చినది. దీనిని ఋషులకే తిరిగి చెల్లించుటకు వీలులేదు. తాను చదివి, తరువాతివానికి చదువు చెప్పి తీర్చుకొనవలెను. ఈ భావమును కులపు గిరినుండి విడిపించినచో స్వేచ్ఛావిద్యకు ఇంతకంటె మంచి పునాది దొరకదు. ఎం.ఐ.టి. పాఠములు వర్తకేతర ప్రయోజనములకు తెనిగించుకొనుటకు అనుమతి గల లైసెన్సుతోనే వెలువడినవి. ఇన్నేండ్లుగా ఆ వాకిలి తెఱచియున్నది. మన కళాశాలలలో దానిని దాటినవారెందఱు? తీసికొనుట నేర్చితిమి గాని, తిరిగి యిచ్చుట నేర్వలేదు. పరుల చలివేంద్రమున దప్పిక తీర్చుకొని మన చెరువును పూడనిచ్చుచున్నాము.

కావలసిన పనులు అసాధ్యములు కావు. ప్రజాధనముతో వ్రాయింపబడిన ప్రతి తెలుగు పాఠ్యగ్రంథమును, రచయితకు తగిన పారితోషికమిచ్చిన పిమ్మట, నకలుకును దిద్దుబాటునకును హక్కుతో ప్రకటింపవలెను. అధ్యాపకుడు తెలుగున వ్రాసి యిచ్చిన పాఠమును, పరిశోధనవ్యాసమువలెనే, అతని యోగ్యతగా లెక్కింపవలెను. అన్నింటికంటె ముందుగా, ఏండ్ల తరబడి దిద్దుకొనిన నోట్సులను పెట్టెలలో దాచుకొనిన అధ్యాపకులు వానిలో ఒక్క ప్రకరణమును, సంవత్సరమునకు ఒక్కటి చాలును, తమ పేరుతో లోకమునకిచ్చి, దిద్దుటకు ఇతరులకు హక్కు నియ్యవలెను. జీతము గైకొని యుద్యోగము చేయుచున్న మాబోటి బడిపంతుళ్లకును ఈ ధర్మము వర్తించును. ఆ ప్రకరణమున తప్పులుండవచ్చును. పొరుగూరి అధ్యాపకుడు దిద్దును. ఆతనికి తోచని యుదాహరణమును మఱియొకరు చేర్తురు. పదియేండ్లలో తెలుగు విద్యార్థికి తన భాషలో చదువదగిన పాఠ్యగ్రంథములు పెక్కు శాస్త్రములయందు సిద్ధమగునని మా విశ్వాసము. అప్పుడు గాని తెలుగున ఉచితమైన విద్య సంస్కృతమునను ఉచితము కానేరదు. కళాశాలాధ్యాపకులు ఈ విషయమును ఆలోచింతురు గాక.